పులిరాజా భార్య ఏది?

2003లో ఆంధ్రప్రదేశ్‌లో హోర్డింగుల మీద ఒకటే ప్రశ్న: 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' జనం నవ్వుకున్నారు. దాచుకునే మాట నలుగురి నోట్లో పడింది. ఆ మేలు మేం కాదనం. అయితే బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో కూర్చొని ఆ కాలపు ప్రచారం మీద నోట్సు రాసుకుంటుంటే మాకు వేరే ప్రశ్న తట్టింది. పులిరాజా భార్య ఏది? ఆమెకు నెలలు నిండితే కాన్పు ఎవరు చేసిన్రు?

కడుపుతో ఉన్నవాళ్లకు ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తారు. అందుకే చాలా ఇండ్లలో హెచ్‌ఐవి ముందుగా బయటపడేది భార్య రక్తంలోనే. మగని నుంచి సోకినా "యాడ తెచ్చుకున్నవే?" అని నిలదీసేది ఆమెనే. ముందు తెలిసినామెకే ముందు వచ్చిందని లెక్కగడతారు. మన దేశంలో నివారణ కార్యక్రమం పేరులో 'తల్లి నుంచి' అనకుండా 'తల్లిదండ్రుల నుంచి బిడ్డకు' అన్నారు. మంచిదే. కానీ చూపు మారిందా?

2002లో కార్యక్రమం మొదలైనప్పుడు ఇచ్చిన మందు నెవిరపిన్. నొప్పులప్పుడు తల్లికి ఒక్క గోలీ, పుట్టిన మూడు రోజుల్లోపు బిడ్డకు ఒక్క మోతాదు. ఏ మందూ లేకుంటే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు సోకే జబ్బు ఇది. ఆ గోలీ ఎందరో బిడ్డలను కాపాడింది. కానీ అది తల్లికి వైద్యం కాదు. పైగా ఆ ఒక్క మోతాదుతో ఆమె ఒంట్లోని వైరస్ మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది. ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్‌లో వచ్చింది, అదీ జబ్బు ముదిరినవాళ్లకు. గర్భిణులందరికీ జీవితాంతం మందులనే విధానం దేశమంతటా అమలుకొచ్చింది 2014లో. అంతదాకా చాలామంది తల్లులు బిడ్డ బయటికొచ్చే దారిగానే లెక్కకొచ్చిన్రు.

ఇక పురిటి గది. మా ఊళ్లలో పురుడు పోసింది ఎక్కువగా మాదిగ, మంగలి ఆడోళ్లు. పెద్దకులాల బిడ్డకు బొడ్డు కోసి, మాయ పూడ్చినంక ఆ చేతులే మళ్లీ మైల. మా నాయనమ్మవి అటువంటి చేతులే. ఇప్పుడు హెచ్‌ఐవి ఉన్నామెకు మూలన వేరే మంచం, కేస్‌షీట్ మీద ఎర్ర అక్షరాలు. గ్లవ్స్ అందరి కాన్పుకూ వేసుకోవాలన్నది వైద్య నియమం. అందరి నెత్తురునూ ఒకే జాగ్రత్తతో చూస్తే ఒక్కదానికి గుర్తు పెట్టే పనేముంది? కాబట్టి ఆ వేరు మంచం సైన్సు కాదు.

నర్సు వెనక్కి జరిగితే నెత్తురుగుడ్డలు ఎత్తేదెవరు? ఆయమ్మ, ఊడ్చేటామె. వాళ్లలో మనవాళ్లే ఎక్కువ. అధికార పత్రాలు దీన్ని 'వివక్ష' అంటాయి. ఆ మాటలో మంచం మీది మనిషి ఒక్కతే కనబడుతుంది. 'అంటరానితనం' అంటే ముట్టరాని మనిషీ, బలవంతంగా ముట్టవలసిన మనిషీ ఇద్దరూ కనబడతారు. అగ్రకుల స్త్రీకి కూడా ఈ వెలి తప్పదు, నిజమే. కానీ వెలి వేసే పద్ధతి కులం నేర్పిందే. దాని బరువు దిగేది కింది చేతుల మీదికే.

2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవి చట్టం వైద్యంలో వివక్షను నిషేధించింది. గర్భిణికి ఆమె సమ్మతి లేకుండా గర్భస్రావం గానీ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గానీ చేయొద్దన్నది. ఈ చట్టాన్ని వాడుకోవాలె. అయితే నొప్పులు పడుతున్నామె ఫిర్యాదు రాయలేదు. గ్లవ్స్ అడిగితే కాంట్రాక్టు కొలువు పోతదని ఊడ్చేటామె నోరు విప్పదు. ఈ ఇద్దరి మాటలూ పేర్లు బయటపెట్టకుండా పక్కపక్కన రాసి పెట్టే పని విద్యార్థులది, టీచర్లది, కార్యకర్తలది. పులిరాజా గురించి అంతా అడిగిన్రు. వీళ్లను అడగాల్సింది మనం.