వార్తలో లోపించే 'అని'

2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలిన తరువాత పాతబస్తీ ముస్లిం యువకులను అనేకులను పోలీసులు నిర్బంధించారు. కేసులు ఎదుర్కొన్నవారు అనంతరం నిర్దోషులుగా విడుదలయ్యారు. మీడియా పక్షపాతమనగానే అబద్ధపు వార్తలే చర్చకు వస్తాయి. వాక్యనిర్మాణం అంతగా చర్చకు రాదు.

తెలుగులో 'అని పోలీసులు తెలిపారు' అన్నది వాక్యం చివర వస్తుంది. శీర్షికకు చోటు చాలనప్పుడు మొదట తెగేది ఆ చివరే. 'అని' పోగానే ఆరోపణ నిర్ధారణగా మారుతుంది. 'ఉగ్రవాది పట్టివేత' అన్న శీర్షికలో పట్టివేత ఒక్కటే వార్త. ఉగ్రవాది అన్నది ముందే ఒప్పేసుకున్న సంగతి.

ఎడ్వర్డ్ సయీద్ 'కవరింగ్ ఇస్లాం' (1981) ఇరాన్ సంక్షోభం నాటి అమెరికా మీడియాను విశ్లేషించింది. దానిని తెలుగు పత్రికలకు యథాతథంగా అన్వయించడం సులువు, అందుకే మన పరిశోధనల్లో అది తరచు జరుగుతుంది. అక్కడ పక్షపాతానికి దూరం, అపరిచయం తోడయ్యాయి. ఇక్కడ విలేకరీ, వార్తకెక్కినవాడూ ఒకే ఊరివారు. ఒకే హోటల్లో చాయ్ తాగేవారు. పరిచయం ఉండీ తొలగని అనుమానాన్ని సయీద్ చట్రం పూర్తిగా వివరించలేదు.

ఆ అనుమానాన్ని ఖాదర్ మొహియుద్దీన్ దీర్ఘకవిత 'పుట్టుమచ్చ' 1991లోనే పట్టుకుంది. నేరానికి ముందే ముద్ర ఉంటుందన్న ఎరుక దాని పేరులోనే ఉంది. ముస్లిం పాఠకుల అసంతృప్తిని 'మనోభావాలు'గా తీసిపారేసే విమర్శకులు ఈ కవితను సరిగా చదవలేదనే చెప్పాలి. పత్రికలో 'అని' ఎక్కడ పోయిందో ఆ పాఠకులకు తెలుసు. 'నిర్దోషులని కోర్టు పేర్కొంది' అన్న విడుదల వార్తలో అది చెక్కుచెదరకుండా తిరిగి రావడమూ వారు గమనిస్తారు.