గుండు ఎక్కే కాలం

మంచు మీద జారే ఆట కోసం గుల్మార్గ్‌కో ఔలీకో పోయేవాళ్ళు జనవరి ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. బళ్ళారి సీమలో రాతిగుండ్లు ఎక్కేవాళ్ళు ఎదురుచూసేదీ ఆ నెల కోసమే. వాళ్ళకు మంచు పడాలి, వీళ్ళకు ఎండ తగ్గాలి. ఎవరైనా సరే ముందే సెలవు పెట్టుకోవాలి, బూట్లు చూసుకోవాలి, సామాను అద్దెకు మాట్లాడుకోవాలి, తోడు కుదుర్చుకోవాలి. తేడా అంతా ఖర్చులోనే. గుండు ఎక్కడానికి విమానం అక్కర్లేదు, హోసపేటకు రైలు టికెట్టు చాలు.

ఈ ఆట పేరు బౌల్డరింగ్. తాడు ఉండదు, నడుముకు కట్టుకునే పట్టీ ఉండదు. మనిషికి రెండు మూడింతల ఎత్తున్న గుండును వట్టి చేతులతో, రబ్బరు అడుగున్న బిగుతు బూట్లతో ఎక్కడం, కింద పరిచిన మందపాటి పరుపును నమ్ముకోవడం, అంతే. ఫ్రాన్సులో పారిస్ దగ్గరి ఫోంటెన్‌బ్లో అడవిలో వంద ఏళ్ళకు పైగా ఎక్కుతున్నారు. 1950లలో అమెరికాలో జాన్ గిల్ అనే జిమ్నాస్టు, జిమ్నాస్టులు చేతులకు రుద్దుకునే తెల్లపొడిని గుండ్ల దగ్గరికి తెచ్చాడు. 2000ల మొదట్లో క్రిస్ శర్మ అనే అమెరికన్ హంపీ వచ్చి ఇక్కడి గుండ్లు ఎక్కుతుండగా తీసిన ‘పిల్‌గ్రిమేజ్’ సినిమాతో ఈ చోటు ప్రపంచానికి తెలిసింది. మనకు మటుకు హంపీ అంటే విరూపాక్షుడు, రాతి రథం, సాయంత్రానికి తిరుగు బస్సు.

2021లో విజయనగర జిల్లా విడిపోయేదాకా హంపీ బళ్ళారి జిల్లాలోదే. తుంగభద్ర నది దాటితే ఆనెగొంది, సణాపురం. అది కొప్పళ జిల్లా. ఒకప్పుడు ఈ ఆటగాళ్ళంతా నది నడుమ ఉన్న విరుపాపుర గడ్డ మీద దిగేవాళ్ళు. అక్కడి హోటళ్ళు అనుమతి లేనివని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది, ఆ మార్చిలోనే కూల్చేశారు. ఇప్పుడు మకాం సణాపురం వైపు మారింది. పాత పుస్తకాల్లో, పాత వీడియోల్లో గడ్డ పేరు చూసి గది వెతుక్కునేవాళ్ళు ఇంకా ఉన్నారు, అక్కడ గదులు లేవు.

ఈ గుండ్లను ఎవరో పేర్చినట్టు కనిపిస్తాయి గాని ఎవరూ పేర్చలేదు. వాలి సుగ్రీవులు విసురుకున్నారన్న కథ వినడానికి బాగుంటుంది. ఆంజనేయుడు పుట్టింది ఆనెగొంది అంజనాద్రి మీదే అని ఇక్కడివాళ్ళు, కాదు తిరుమలలోనే అని 2021లో తి.తి.దే. పండితులు. ఆ తగవులోకి నేను దిగను. రాయి సంగతి మాత్రం ఇది: రామనగరం నుంచి ఇక్కడిదాకా సాగిన గ్రానైటు పట్టీకి క్లోజ్‌పేట గ్రానైటు అని పేరు, వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ‘షోలే’లో గబ్బర్ సింగ్ తిరిగిన రామనగరం బండలదీ ఈ జాతే. భూమి లోపల ఉండగానే ఈ రాయికి అడ్డంగా, నిలువుగా పగుళ్ళు పడ్డాయి. ఆ పగుళ్ళలో నీళ్ళు దిగి మూలల్ని ముందు తినేశాయి. మధ్యలో మిగిలిన గట్టి రాయి గుండ్రబడింది. చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోయాక గుండ్లు ఉన్నచోటే బయటపడ్డాయి. ఎండకు కాగి, రాత్రికి చల్లబడి ఉల్లిపొరల్లా పెచ్చులూడుతుంటాయి కూడా.

ఎక్కేవాడికి ఆ పెచ్చు సంగతి తెలియాలి. పట్టుకోబోయే అంచును ముందు వేలి కణుపులతో తట్టి చూడాలి. గట్టిగా పలికితే రాయి నిండుగా ఉన్నట్టు, డొల్లగా పలికితే వెనక ఖాళీ ఉన్నట్టు. డొల్ల అంచు మీద బరువు వేయకూడదు. రాయిని తట్టి వినడం ఈ సీమకు కొత్తేం కాదు. బళ్ళారి పక్కన సంగనకల్లు, కుప్పగల్లు గుట్ట మీద కొన్ని నల్లరాళ్ళు కొడితే ఖంగుమని మోగుతాయి. కొత్త రాతియుగం మనుషులు వాటిని మోగించీ మోగించీ గుంతలు చేశారు.

ఇక కాలం. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనుకోండి. ఆ తర్వాత పగలు బండ మీద చెయ్యి పెట్టలేరు. చలికాలంలో కూడా మిట్టమధ్యాహ్నం ఎవరూ ఎక్కరు. చేయి చెమర్చితే పట్టు జారుతుంది, రాయి వేడెక్కితే బూటు రబ్బరు మెత్తబడి నిలవదు. అందుకే తెల్లవారుజామున ఓ రెండు మూడు గంటలు, పొద్దు వాలాక ఇంకో రెండు గంటలు. మధ్యలో భోజనం, నిద్ర. ఇక్కడి రాయి గరుకు. మూడో రోజుకు వేలికొసల చర్మం పలచబడి ఎర్రబడుతుంది. వారం రోజుల సెలవు పెట్టుకున్నవాళ్ళు వారమంతా ఎక్కేద్దామనుకుంటే నాలుగో రోజున గదిలో కూర్చోవాలి. రెండు రోజులు ఎక్కి ఒక రోజు ఆగడం తెలివైన లెక్క. ఆగిన రోజున పుట్టి ఎక్కి నది చూడొచ్చు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పాయెస్ ఈ గుండ్రటి పుట్టి గురించి రాశాడు, అదే పుట్టి ఇప్పటికీ తిరుగుతోంది.

ఎక్కే పద్ధతికి వద్దాం. కొత్తవాళ్ళు అందరూ చేసే పని ఒకటే, చేతులతో వేలాడి పైకి లాక్కోబోవడం. చేతులు పది నిమిషాల్లో చచ్చుబడిపోతాయి. మనిషి బరువు మోసేవి కాళ్ళు, చేతులు ఆనుకోవడానికే. వాలుగా ఉన్న బండ మీద భయపడి రాయిని కావలించుకున్నారా, బరువు ముందుకు పోయి పాదం జారుతుంది. నడుము వెనక్కు పెట్టి, మడమ దించి, బూటు ముందుభాగమంతా రాయికి ఆనించి నిటారుగా నిలబడితే అదే బండ నిలుపుతుంది. నమ్మడానికి మనసొప్పదు గాని ఒకసారి నిలబడితే ఒప్పుతుంది. ముందుకు వంగి ఉన్న గుండు కింద లెక్క తిరగబడుతుంది. అక్కడ నడుము రాయికి దగ్గరగా ఉండాలి, ఒక మడమను పక్క అంచు మీద తగిలించి లాగాలి, వేళ్ళను పూర్తిగా మడిచి నొక్కకుండా తెరిచి పట్టాలి. మడిచి నొక్కితే వేలి స్నాయువులు తెగే ప్రమాదం ఉంది, నయం కావడానికి నెలలు పడుతుంది.

నన్నడిగితే అసలు కష్టం చివరి అడుగులోనే. చేతులు పై అంచు దాటాక పట్టుకోవడానికి ఏమీ ఉండదు, నున్నటి గుండు నెత్తి తప్ప. అప్పుడు లాగడం మానేసి అరచేతులు బోర్లా పెట్టి కిందికి నొక్కాలి, గట్టు ఎక్కేటప్పుడు చేసినట్టే. ఒక మడమ పైకి వేసి, దాని మీదికి బరువు మార్చి లేవాలి. బలమైన కుర్రాళ్ళు చాలామంది ఇక్కడే ఆగిపోతారు, పల్లెటూళ్ళో గోడలు దూకి పెరిగినవాళ్ళు సునాయాసంగా లేచిపోతారు. ఎక్కేముందే దిగే దారి చూసుకోవాలన్నది మరో పాఠం. వెనకవైపు మెట్లలాంటి పగులు లేని గుండు ఎక్కినవాడు పైన నిలబడి కిందివాళ్ళను బతిమాలుకోవాల్సి వస్తుంది.

పడటం కూడా నేర్చుకోవాలి. మోకాళ్ళు వంచి రెండు పాదాల మీద పడి, వెనక్కు దొర్లిపోవాలి. చేయి వెనక ఆనించారంటే మణికట్టు విరుగుతుంది. కింద నిలబడ్డ తోడు చేయాల్సింది పట్టుకోవడం కాదు. రెండు చేతులూ ఎత్తి, బొటనవేళ్ళు లోపలికి ముడుచుకుని, పడేవాడి నడుమును పరుపు వైపు తోయాలి, తల రాతికి తగలకుండా చూడాలి. ఫోను చూసుకుంటూ నిలబడేవాణ్ణి తోడుగా తీసుకెళ్ళకండి. పెద్ద దెబ్బ తగిలితే హోసపేటకో బళ్ళారికో పోవాలి, దారి చిన్నదేం కాదు. గుట్టల్లో చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్నాయి. ఎలుగుల కోసమే 1994లో దరోజి అభయారణ్యం పెట్టారు. అందుకని చీకటి పడ్డాక గుండ్ల మధ్య ఒంటరిగా తిరగడం మంచిది కాదు.

ఏ గుండైనా ఎక్కొచ్చా అంటే, కూడదు. 1986 నుంచి హంపీ యునెస్కో జాబితాలో ఉంది. గుళ్ళు, కోటగోడలు, శాసనాలు ఉన్న బండలు, రక్షిత స్థలాలు, వీటి జోలికి పోకూడదు. కొన్ని గుండ్ల మీద వరసగా తొలిచిన చదరపు గుంతలు కనిపిస్తాయి. విజయనగర శిల్పులు రాయిని చీల్చడానికి ఉలితో వేసిన వరసలవి. వేళ్ళకు చక్కగా సరిపోతాయి, అయినా వేలు పెట్టకండి, చరిత్ర అది. ఎక్కాక రాతి మీద మిగిలిన తెల్లపొడిని కుంచెతో తుడిచి రావడం మర్యాద. అలా తుడవనివాళ్ళ వల్లే ఊరివాళ్ళు ఈ ఆటగాళ్ళను విసుక్కునేది.

నది ఎడమగట్టున గుండ్ల దాకా దారి చాలాచోట్ల వరిపొలాల గట్ల మీదుగానే. 1953లో తుంగభద్ర డ్యాము నీళ్ళు వచ్చాక గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి రైతులు వచ్చి గంగావతి, సిరుగుప్ప, కంప్లి చుట్టుపక్కల భూములు కొని స్థిరపడ్డారు. వాళ్ళ ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. పొలం దాటేముందు తెలుగులో అడిగితే చాలు, కాదనరు. “పైనేం దొరుకుద్దని ఎక్కుతున్నారు బాబూ?” అని ఒక పెద్దాయన మమ్మల్ని అడిగాడు. సరైన జవాబు మా దగ్గర లేకపోయింది. ఆయన మాత్రం గట్టు తొక్కి పాడుచేయొద్దని చెప్పి మోటారు వేసుకోవడానికి పోయాడు.

జవాబు ఇప్పుడైతే చెప్పగలను. మన దగ్గర గుండుకు రెండే విలువలు: గుడి కడితే దేవుడు, పగలగొడితే కంకర. హైదరాబాదులో ఇదే వయసున్న గుండ్లు ఎన్నో కంకరైపోయాక, మిగిలినవాటి కోసం 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ పుట్టింది. భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ళ 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆ బండను క్వారీకి ఇచ్చుంటే ఆ పిల్ల ఎక్కడ నేర్చుకునేది? ఎక్కడం తెలిసినవాడికి ప్రతి గుండూ విడిగా కనిపిస్తుంది, ఫలానా గుండు పోయిందంటే తెలుస్తుంది. ఈ ఆటకు నేను కట్టే విలువ అదీ.

వెళ్ళదలిస్తే విజయవాడ, గుంటూరు వైపువాళ్ళకు అమరావతి ఎక్స్‌ప్రెస్, అనంతపురం, గుంతకల్లువాళ్ళకు హంపీ ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి, రెండూ హోసపేటలో ఆగుతాయి. పరుపులు, బూట్లు అద్దెకు దొరుకుతాయి, మొదటిసారి కొనకండి. ముందు తెలిసినవాళ్ళ వెంట వాలుబండల మీద కాళ్ళు నమ్మడం నేర్చుకోండి. క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో గదులు దొరకడం కష్టం. జనవరి రెండో వారం తర్వాత పోతే చలీ ఉంటుంది, చోటూ ఉంటుంది. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.