దుముకురాళ్లు ఎవరి దృశ్యం?

బైరెడ్డిపల్లె మండలంలో కైగల్ జలపాతం ఉంది. జనం దాన్ని దుముకురాళ్లు అంటారు. పలమనేరు - కుప్పం దారిలో పోయేవాళ్లు, కర్ణాటక, తమిళనాడుల నుంచి వచ్చేవాళ్లు ఆగి చూసిపోతారు. పర్యాటక రాతల్లో ఈ చోటు ఎట్లా కనబడుతుంది? పచ్చని అడవి, తెల్లని నీళ్లు. మనుషులుండరు. పశువుల్ని మేపినవాళ్లు, కట్టెలు మోసినవాళ్లు, అడవి అంచున రాగులు, శెనక్కాయ వేసినవాళ్లు ఫొటోకి అడ్డమా?

ఈ చూపు పాతదే. మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండ మీద కడప కలెక్టరు హార్స్‌లీ పందొమ్మిదో శతాబ్దంలో ఇల్లు కట్టుకున్నాడు. కొండ కాస్తా హార్స్‌లీ హిల్స్ అయిపోయింది. ఏనుగులు సాకిన మల్లమ్మ కథ వచ్చిపోయేవాళ్లకు కాలక్షేపంగా మిగిలింది. అక్కడ పోయింది పేరు. ఇప్పుడు నేల సంగతేమిటని మేము అడుగుతున్నాం.

దళితులకు భూమి అంటూ దక్కింది చాలాచోట్ల డి.కె.టి. పట్టాగానే. అదీ గుట్టల పక్కన, బండల నడుమ. సేద్యానికి పనికిరాదని మనకిచ్చిన ఆ నేలే రిసార్టువాడికి మంచి 'వ్యూ' అవుతుంది. అట్లాంటి భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. 2023 సవరణ ఇరవై ఏళ్లు దాటినవాటికి ఆ దారి తెరిచింది. 2024లో ప్రభుత్వం మారాక రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. అమ్ముకునే స్వేచ్ఛ మనకూ ఉండాల్సిందే. కానీ అప్పుల్లో ఉన్నవాడు బెంగళూరు డబ్బుతో బేరమాడేటప్పుడు ఆ స్వేచ్ఛ ఎవరి పక్షాన ఉంటుంది?

టూరిజం వస్తే పనులొస్తాయి కదా అంటారు. ఏ పనులు? గదులు ఊడ్చేదీ చెత్త ఎత్తేదీ మనవాళ్లే అయితే అది పాత వెట్టికి తొడిగిన కొత్త యూనిఫారమే.

1980లలో సరిహద్దు దాటి ఏనుగులొచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు. 2025 మేలో కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగుల్ని ఇచ్చింది. ఏనుగుల కోసం రెండు రాష్ట్రాలు కూర్చుని మాట్లాడుకోగలిగాయి, మంచిదే. సరిహద్దు దాటొచ్చే పెట్టుబడి కింద నలిగే పట్టాదారుల గురించి కూడా మాట్లాడాలి.

1927లో అంబేడ్కర్ వెంట మహద్ చెరువుకు నడిచినవాళ్లు నీళ్ల మీద హక్కు కోసం నడిచారు. చూసొస్తే చాలనుకోలేదు. విద్యార్థులు, ఉపాధ్యాయులు దుముకురాళ్లకు పోయేముందు ఒకసారి తహసీల్దారు ఆఫీసుకు పోవాలి. చుట్టూ డి.కె.టి. భూమి ఎవరి పేరున ఉందో, ఎవరి సాగులో ఉందో రాసుకురావాలి. ఆ లెక్కను గ్రామసభలో చదివాకే ఏ టూరిజం పథకమైనా మొదలుకావాలి.