పోకవియు భయానకరసమును

ఎడ్గారు ఆలను పో యను నమెరికాదేశపుఁ గవి 1809వ సంవత్సరము జనవరి 19వ తేదీని బోస్టను నగరమున జన్మించి, 1849వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీని బాల్టిమోరు నగరమున మృతినొందెను. నలువదియేండ్ల యీ స్వల్పజీవితమున నితఁడు రచించిన భయంకరకథలును, గొలఁదిపాటి పద్యములును దేశాంతరముల వాఙ్మయములను గదలించినవి. అట్లయ్యు నీతనిఁ గూర్చి వ్రాసినవారిలోఁ గొందఱు కథలను విడిచి కవి నడవడినే విచారించిరి. మఱికొందఱు కథలనే సాక్ష్యముగాఁ గొని కవి యున్మత్తుఁ డనియు, దురాచారుఁ డనియు నిర్ణయించిరి. ఈ నిర్ణయము న్యాయ్యమా కాదా యనునది విచార్యము.

కవి తల్లిదండ్రులు నాటకములాడి జీవించినవారు. తండ్రి కుటుంబమును విడిచిపోయెను. తల్లి 1811 డిసెంబరున రిచ్మండు నగరమున మరణించునప్పటికి బాలునకు మూఁడేండ్లు నిండలేదు. పొగాకు వర్తకుఁడగు జాను ఆలను బాలునిఁ జేరఁదీసి పెంచెనే కాని యథావిధిగా దత్తుఁ జేసికొనలేదు. కవి పేరి నడుమనున్న ‘ఆలను’ అను మాట యా పెంపకమునకుఁ జిహ్నము. 1826లో వర్జీనియా విశ్వవిద్యాలయమునఁ జేరి, జూదమున ఋణపడి, యేఁడాది లోపలనే చదువు మానెను. మఱుసటి యేఁడు మాఱుపేరుతో సైన్యమునఁ బ్రవేశించెను. తొలి పద్యసంపుటము నా యేఁటనే పేరు వేసికొనక, బోస్టనువాసి రచించినదని మాత్రము సూచించి ప్రకటించెను. పిమ్మట వెస్టుపాయింటు సైనికపాఠశాలలోఁ జేరి, విధుల నుపేక్షించి, 1831లో వెడలఁగొట్టఁబడెను. 1833లో నొక కథకు బాల్టిమోరు పత్రికవా రిచ్చిన యేఁబది డాలర్ల బహుమానముతో నితని పేరు కొంత తెలియవచ్చెను. అటుతరువాత బ్రతికినన్నాళ్లును బత్రికలలోఁ బనిచేసి పేదఱికముతోనే కాలము గడపెను. 1836లో మేనత్తకూఁతురగు వర్జీనియాను బెండ్లాడెను. మేనఱికమును జూచి పాశ్చాత్యులు పడిన యాశ్చర్యము మన పాఠకులకుఁ గలుగదు. పదుమూఁడేండ్ల కన్య వయస్సును గూర్చిన యాక్షేపము మాత్రము న్యాయమే. ఆమె 1847లో క్షయవ్యాధిచేఁ జనిపోయెను.

కవి మృతినొందిన రెండవనాఁడే న్యూయార్కు ట్రిబ్యూను పత్రికలో ‘లుడ్విగు’ అను మాఱుపేరుతో నొక చరమవార్త వెలువడెను. వ్రాసినవాఁడు రూఫసు గ్రిస్వోల్డు. ఇతఁడు కూర్చిన పద్యసంకలనమును బో పూర్వము విమర్శించియుండెను. ఇరువురకు నెడము పడియుండెను. విచిత్రమేమనఁగా, కవి గ్రంథములను బ్రకటించు భారము నాతని చేతనే పడినది. 1850లో వెలువరించిన జీవితచరిత్రమున నాతఁడు పో జాబులలోఁ దన మాటలు చొప్పించి కూటలేఖనము గావించెను. అంతియ కాదు. లిట్టను రచించిన ‘కాక్స్టన్సు’ అను నవలలో ఫ్రాన్సిసు వివియను అను కల్పితపాత్రకుఁ జేసిన వర్ణనమును దెచ్చి పోకవి శీలమునకుఁ దగిలించెను. కల్పితుఁడైన పురుషుని గుణదోషములు సజీవుఁడై యుండిన కవికి సంక్రమించినవి! 1941లో ఆర్థరు హాబ్సను క్విన్ అను పండితుఁడు మూలపత్రములతోఁ బోల్చి చూపినదాఁక నీ కూటము చక్కఁగా బయటపడలేదు.

అపవాద మింత సులభముగా నాటుకొనుటకు గ్రిస్వోల్డు నేర్పొక్కటియే కారణము గాదు. పో కథలలోఁ బెక్కింట ‘నేను’ అని చెప్పువాఁడు హంతకుఁడో యున్మత్తుఁడో యై యుండును. 1843లో వెలువడిన గుండెచప్పుడు కథను జూడుఁడు. ఒకఁ డొక వృద్ధుని గ్రుడ్డికన్నువంటి కంటిని జూడఁజాలక వానిఁ జంపి, నేలపలకల క్రిందఁ బాతిపెట్టి, ఆ గుండె యింకనుఁ గొట్టుకొనుచున్నట్లు విని, రక్షకభటుల యెదుట నేరము నొప్పుకొనును. కథ పొడుగునను దాను పిచ్చివాఁడను గానని యుక్తులతో సాధించుచుండును. మమ్మటుఁడు కవిప్రౌఢోక్తిసిద్ధమును, గవినిబద్ధవక్తృప్రౌఢోక్తిసిద్ధమును వేర్వేఱుగాఁ బరిగణించెను. రెండును గవిప్రతిభచేతనే నిర్మితములు గావున విభాగము వ్యర్థమని పండితరాయలు నిరాకరించెను. నిరాకరణము తర్కమునకు నిలుచునేమో కాని, యిట్టి కథలను జదివినప్పుడు మమ్మటుని పక్షమే బలవత్తరమని నాకుఁ దోఁచుచున్నది. ఇచ్చట వాచ్యము స్వస్థచిత్తత, వ్యంగ్య మున్మాదము. ఎంత నిపుణముగా సాధించిన నంత యున్మాదము ధ్వనించును. వక్త కవియే యనుకొంటిమా, ఆ ధ్వని యడుగంటును. మిగులునది యొక నేరగాని వాఙ్మూలము. గ్రిస్వోల్డును నమ్మినవారు చదివినది యీ వాఙ్మూలమునే.

రసవిషయమున వేఱొక చిక్కు గలదు. భయానకము స్త్రీనీచప్రకృతికమని భరతుఁడు చెప్పెను. మహాకావ్యమున శృంగారవీరశాంతములలో నొక్కటియే యంగి కావలయునని విశ్వనాథుఁడు నియమించెను. భవభూతి మాలతీమాధవము పంచమాంకమున శ్మశానమును జూపినను నది ప్రణయకథ కంగమే. పో భయానకమునే యంగిగాఁ జేసెను. ఇది కథ చిన్నదగుటచే సాధ్యమైనది. ఒక్క కూర్పుననే చదివి ముగింపఁదగినదై, ప్రతివాక్యము నొక్క ఫలమునకే తోడ్పడవలయునని యితఁడు 1842లో హాథారను కథలను విమర్శించుచుఁ బ్రతిపాదించెను. ప్రబంధమున నొక్క రస మంగి కావలయునన్న యానందవర్ధనుని మతమున కిది దూరము గాదు. నిడివిని గూర్చిన పట్టుదల మాత్రము పోకవిదే.

ఇంగ్లాండున 1764లో వాల్పోలు ‘ఒట్రాంటో దుర్గము’తో ‘గోతికు’ అనఁబడు భయంకరనవల లారంభమయ్యెను. అందు మొదటనే పెద్ద శిరస్త్రాణమొకటి పైనుండి పడి పెండ్లికొడుకును జంపును. అనఁగా నాలంబనము ముందే వచ్చినది. 1839లోని ‘అషరు గృహపతనము’న నట్లు గాదు. మబ్బు పట్టిన దినము, నల్లని మడుగు, పైకప్పునుండి దిగివచ్చిన సన్నని పగులు గల భవనము: ఇవి యన్నియు నుద్దీపనములు. దేనికి వెఱవవలయునో చదువరికిఁ దెలియదు. వెఱపు మాత్రము కలుగును. గృహపతియగు అషరు కులీనుఁడు, విద్వాంసుఁడు, సంగీతజ్ఞుఁడు. తన్ను జంపునది యాపద గాదు, భయమే యని యతఁ డెఱుఁగును. ప్రాణముండఁగనే సమాధిఁ జేయఁబడిన సోదరి తుదిని వచ్చి యెదుట నిలుచునప్పుడు గాని యాలంబనము స్పష్టపడదు. ఉద్దీపనము ముందును నాలంబనము వెనుకను వచ్చు నీ క్రమవ్యత్యయమునందే యితని శక్తి యంతయుఁ గలదు. ఉత్తమప్రకృతికి భయము స్థాయి కాఁజాలదన్న వారి కీ కథయే ప్రత్యుత్తరము. ఐనను సర్వత్ర యిట్టి సంయమము లేదు. 1845లోని వాల్డెమారు కథ తుదిని గుళ్లిన శరీరమును జూపి భయానకమును బీభత్సమునకు బలిచేసినది.

ఆ 1845 జనవరిలోనే ‘కాకోలము’ అను పద్యము వెలువడి కవికి లోకప్రసిద్ధిఁ దెచ్చెను. మృతయైన ప్రియురాలికై వగచువాని గదిలోనికి రాత్రివేళ నొక కాకోలము వచ్చి, యేమడిగినను నింక నెన్నఁడును లేదను నర్థము గల యొక్కమాటయే పలుకును. పదునెనిమిది చరణబంధములు, నూటయెనిమిది పంక్తులు, తుదిని మకుటము: మన శతకములు చదివినవారికి లెక్క వింతగాఁ దోఁపదు. శతకమున మకుటమును బలుకువాఁడు భక్తుఁడు. ఇచ్చట నర్థ మెఱుఁగని పక్షి. పలుకు మాఱదు. అడుగువాఁడే నానాఁటికిఁ గాక ప్రశ్నప్రశ్నకుఁ దన్నుఁ దాఁ బొడుచుకొనునట్టి ప్రశ్న నెన్నుకొని, యా పలుకును గ్రూరముగాఁ జేసికొనును.

ఈ పద్యమును దాను గణితమువలె రచించితినని 1846లో పో యొక వ్యాసమునఁ జెప్పెను. ముందు నిడివిని, బిదప ఫలమును, మకుటమునకుఁ దగిన ఓకారరేఫములను నిర్ణయించుకొంటిననియు, మొదటఁ జిలుకను దలఁచి పిదపఁ గాకోలమును గైకొంటిననియు నాతని వాక్కు. కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవును గాని, శబ్దములు కావలసి వైయాకరణు నింటి కెవ్వఁడును బోఁడని భాష్యకారుఁడు పస్పశాహ్నికమున నుడివెను. లక్షణము ప్రయోగమును వెన్నంటి వచ్చును. పో వ్యాసము లక్షణముగా మిగుల రమ్యము. దానివలననే పద్యము పుట్టినదనుట నమ్మఁదగదు.

స్వదేశమునకంటె ఫ్రాన్సున నితని కెక్కువ గౌరవము లభించెను. బోదలేరు 1856 మొదలు 1865 వఱకుఁ గథలను సంపుటములుగా ననువదించెను. మలార్మే 1875లో ‘కాకోలము’ను వచనమునకు మార్పఁగా మానే చిత్రములు వ్రాసెను. మూలమునఁ గొన్నియెడల మితిమీఱిన యనుప్రాస వచనానువాదమున జాఱిపోవుటయు నొక మేలే. మనవా రపరాధపరిశోధకకథ లను జాతికిఁ గూడ 1841లో ద్యూపెను అను పాత్రతో నితఁడే త్రోవ చూపెను. 1887లోఁ గోనను డాయిలు సృజించిన హోముసు తన మొదటికథలోనే యా ద్యూపెనును దక్కువగా మాటలాడును. అప్పు తీర్పనివాఁ డిట్లే మాటలాడును. జపాను దేశమున హిరాయి తారో (1894–1965) అను కథకుఁడు మాత్రము ఋణము దాఁచలేదు. పో పూర్తిపేరునే తన భాషయుచ్చారణమునకు మలఁచుకొని ‘ఎడొగావా రాంపో’ అని కలముపేరు ధరించెను. ఎడ్గారు ఆలను పో యను శబ్దమున కిది జపానుభాషలోఁ దద్భవ మనవచ్చును.