గవ్వ పడ్డాక మాట మారొద్దు

తాము ఆడే వీరుడు చచ్చిపోతే పిల్లలు ఒక పూట ముఖం ముడుచుకుంటారు, మర్నాటికి కొత్త వీరుణ్ని పట్టుకొస్తారు. తొండి జరిగిందనిపిస్తే మాత్రం మళ్లీ మన గడప తొక్కరు. ఎండాకాలం సెలవుల్లో పెద్దమందడిలో మా వసారాలో కూర్చుని ఆట నడిపేటప్పుడు నాకుండే భయం ఈ రెండో దాని గురించే.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 'స్ట్రేంజర్ థింగ్స్' సీరియల్‌లో పిల్లలు నేలమాళిగలో కూర్చుని ఆడేది ఇదే. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తయారుచేసిన ఈ ఆట 1974లో అమెరికాలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి అచ్చయి వచ్చింది. పావులు జరిపే పటం తప్పనిసరి కాదు, ఒకరు గెలిచి ఇంకొకరు ఓడేదీ కాదు. ఒకరు కథ నడుపుతారు, వారే గేమ్ మాస్టర్. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "ముందర కోట గోడుంది, పొద్దు గుంకుతున్నది, ఏం చేస్తరు?" అని నేను అడుగుతాను. వాళ్లు చెబుతారు. చెప్పింది అవుతుందో కాదో తేలనప్పుడు ఇరవై ముఖాల పాచిక వేస్తాం.

మా కథ జరిగేది ఖిల్లా ఘనపురంలో. రెండు గుట్టల్ని గోడలతో కలిపిన ఆ కోటను 13వ శతాబ్దంలో గోన గణపారెడ్డి కట్టించాడని చెబుతారు. కింద గణపసముద్రం చెరువు. పిల్లలంతా ఎక్కి తిరిగిన కోటే కాబట్టి దారులు వివరించే శ్రమ నాకు తప్పింది. ఆటవరకు దాన్ని ఒక బ్రహ్మరాక్షసుడికి అద్దెకిచ్చాను. 'రుద్రమదేవి' సినిమా చూసినవాళ్లందరికీ గోన గన్నారెడ్డే కావాలి, ఒకడికిస్తే ఇంకొకడు అలుగుతాడు. మా అన్న కూతురు మాత్రం ఆ పోటీలోకి దిగనే లేదు. "నాకు కిన్నెర వాయించేటామె పాత్ర కావాలె చిన్నాయనా, మొగిలయ్య తాత లెక్క" అంది. పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ తెచ్చిన దర్శనం మొగిలయ్యది మా పక్క నాగర్‌కర్నూల్ జిల్లాయే. పాట పాడి మంత్రం వేసే పాత్ర రూల్ పుస్తకంలో ఎలాగూ ఉంది. చేతిలో వాద్యం మార్చుకున్నాం, అంతే.

ఇక తగువు దగ్గరికొద్దాం. ఈ ఆటలో తగువు తీర్చేవాడే కథ చెప్పేవాడు, వాడే రాక్షసుడి తరఫున ఆడేవాడు కూడా. మూడు టోపీలు ఒక తలమీద ఉంటే న్యాయం ఎక్కడుంటుంది?

ఈ ప్రశ్న ఆట కన్నా పాతది. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి యుద్ధశిక్షణ కోసం ఒక ఆట పెట్టాడు. రెండు పక్షాలూ తమ ఆజ్ఞలు మధ్యవర్తికి చెప్పాలి, పటం మొత్తం కనిపించేది ఆ మధ్యవర్తికే. ఎవరికెంత నష్టమో పాచికలు, పట్టికలు చూసి అతను తేల్చాలి. 1876కు వచ్చేసరికి వెర్డీ దు వెర్న్వా అనే సేనాధికారి ఈ పట్టికలతో పొద్దుపోతోంది, అనుభవమున్న మధ్యవర్తి చెప్పిందే తీర్పు అన్నాడు. పాచిక మాటా, మనిషి మాటా అనే ఆ తగాదా ఇంకా తెగలేదు. గైగాక్స్ కూడా 1979 నాటి తన పుస్తకంలో, అవసరమైతే పాచికను పక్కన పెట్టే హక్కు కథ నడిపేవాడికి ఇచ్చాడు. నాకది నచ్చదు. పాచికను కాదనే హక్కు కావాలనుకునేవాడు అసలు పాచిక వెయ్యకపోతే సరిపోతుంది. తలుపు తెరుచుకోవాల్సిందే అనిపిస్తే తెరుచుకుందని చెప్పెయ్యొచ్చు. వేశాక, పడ్డ అంకె నచ్చక మార్చడం తొండి. పిల్లల మేలు కోరి చేసినా తొండే.

అందుకే మా దగ్గర ముందు మాట, తర్వాత పాచిక. "గోడెక్కాలంటే 15 రావాలె. రాకుంటే కింద పడి కాలిరుగుతది. ఎక్కుతవా?" అంటాను. పిల్ల అక్కడ ఆగుతుంది. 15 గానీ ఆపైన గానీ పడే అవకాశం నూటికి 30. చుట్టూ చూసి, బావి దగ్గర చేంతాడు ఉందా అని అడుగుతుంది. ఉందంటాను. తాడుంటే 10 చాలు, అవకాశం 55కు చేరింది. నా దృష్టిలో ఆటంతా ఆ ఆగి ఆలోచించడంలోనే ఉంది. అంకె ముందే చెబితే ఉత్కంఠ పోతుందనేవాళ్లున్నారు. మా వసారాలో పాచిక దొర్లుతున్నప్పుడు ఎవరూ ఊపిరి పీల్చరు. ఎంత రావాలో తెలియడం వల్లే ఆ బిగి.

తెలియకుండా జరిగే తొండి ఇంకొకటుంది, అది లెక్కలో దాక్కుంటుంది. అయిదుగురు కాపలావాడి కన్నుగప్పి దాటాలి. ఒక్కొక్కరికి 7 వస్తే చాలన్నామనుకోండి, నూటికి 70 అవకాశం, చాలా దయగల మాటే. కానీ అయిదుగురినీ విడివిడిగా వేయించి, ఒక్కరు తప్పినా అందరూ దొరికిపోతారంటే, గట్టెక్కే అవకాశం 17కు పడిపోతుంది. నోటితో 70 చెప్పి చేత్తో 17 ఇచ్చినట్టు. రూల్ పుస్తకంలోనే దీనికి మందుంది: సగం మందికి వస్తే గుంపంతా దాటినట్టే. అదే 7 మీద, అదే అయిదుగురికి అప్పుడు 84. ఒకే గోడకు మూడుసార్లు పాచిక వేయించే అలవాటు కూడా ఇలాంటిదే, 70 కాస్తా 34 అవుతుంది. కథ నడిపేవాళ్లకు గొంతు ఎంత ముఖ్యమో ఈ కూడికలు, గుణకారాలు అంతే ముఖ్యం.

ఇరవై ముఖాల పాచిక మా వైపు అంగళ్లలో దొరకదు. దానికోసం ఆట ఆపక్కర్లేదు. 1 నుంచి 20 దాకా చీటీలు రాసి స్టీలు డబ్బాలో వేస్తే అయిపోయె. తీసిన చీటీ మళ్లీ డబ్బాలో పడాలి, లేకపోతే "ఒకటి పోయింది, ఇంక భయంలేదు" అని మా మేనల్లుడు లెక్క కట్టేస్తాడు, వాడు ఇంటర్‌లో ఎంపీసీ. అష్టాచెమ్మాకు వాడే అరగదీసిన చింతగింజలూ పనికొస్తాయి గానీ వాటి స్వభావం వేరు. గింజలు రెండు వైపులా సమానంగా పడతాయనుకుంటే, నాలుగు గింజలకు పదహారు పాట్లలో రెండు పడేది ఆరుసార్లు, అష్ట పడేది ఒక్కసారే. ఇరవై ముఖాల పాచికలో ప్రతి అంకెదీ ఒకే వంతు. గింజలతో ఆడించేవాళ్లు రావాల్సిన అంకెల్ని ఆ మేరకు మార్చుకోవాలి.

కథ నడిపేవాళ్లు అట్టతో చేసిన మడత తెర ఒకటి ముందు పెట్టుకుని, దాని వెనక పాచిక వేయడం చాలాచోట్ల ఆనవాయితీ. పట్నంలో ఒకరినొకరు ఆటతోనే పరిచయమైన వాళ్లకు అది నడవొచ్చు. ఊళ్లో నడవదు. ఇక్కడ ఆడేవాళ్లలో నా మేనల్లుడున్నాడు, అన్న కూతురుంది, అమ్మానాన్నలు పుణెకు పనికిపోతే అవ్వ దగ్గర ఉండే పక్కింటి పిల్లాడున్నాడు. తెర వెనక పాచికకు మేనల్లుడు బతికి పక్కింటివాడు చచ్చాడంటే నేనెంత ప్రమాణం చేసినా ఎవరు నమ్ముతారు? నమ్మక్కర్లేదు కూడా. అందుకే పాచిక చాప మధ్యలో, అందరి కళ్ల ముందు. పక్కింటి పిల్లాడు నెమ్మదస్తుడు, అడిగితే గానీ మాట్లాడడు. "నువ్వేం చేస్తవు బిడ్డా?" అని వాణ్నే మొదట అడుగుతాను. మిగతా పిల్లలు నోరు తెరిచాక వాడికి వంతు మిగలదు.

దాచాల్సినవి దాచక తప్పదు. రాక్షసుడి ప్రాణం ఎక్కడుందో ముందే చెబితే కథ లేదు. అలాంటివి ఆటకు ముందే కాగితం మీద రాసి, మడిచి, దేవుడి గూట్లో పెడతాను. పిల్లలు తెలివిగా ఊహించేశారని నేను జవాబు మార్చలేదని చివర్లో వాళ్లే విప్పి చూసుకోవచ్చు.

హెచ్చరిక లేని చావు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. గైగాక్స్ 1975లో ఒక ఆటల సభలో ఆడించి, 1978లో అచ్చువేసిన 'టూంబ్ ఆఫ్ హారర్స్' అనే కథలో గోడమీద ఒక పచ్చటి దెయ్యం ముఖం ఉంటుంది. నోరు తెరుచుకుని లోపలంతా నలుపు. అందులోకి దూరినవాడు ఆనవాలు లేకుండా పోతాడు. పాచిక లేదు, రెండో అవకాశం లేదు. ఆరితేరిన ఆటగాళ్లను పరీక్షించడానికి రాసిన కథ అది, వాళ్లకది సవాలు. పన్నెండేళ్ల పిల్లకు అదే నోరు చూపిస్తే, ముందు లోపలికి వెళ్లిన గబ్బిలం తిరిగి రాలేదని చెప్పడం నా బాధ్యత. ఆపైన దూరితే ఆమె ఇష్టం.

రూల్ పుస్తకంలో జవాబు లేని ప్రశ్న వచ్చినప్పుడే అసలు పరీక్ష. మహాభారతంలో జూదం కథ మనకు శకుని మోసంగానే గుర్తుంది. నాకు మాత్రం మధ్యవర్తి లేని ఆటలా కనిపిస్తుంది. పందెం ఒడ్డేది దుర్యోధనుడు, పాచిక వేసేది శకుని. అది సరికాదని ధర్మరాజు అంటూనే కూర్చున్నాడు. ఆ తర్వాత ద్రౌపది అడిగినది అచ్చంగా ఆట నియమం: ముందు తననే ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కుందా? భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్నాడు. మాట్లాడింది వికర్ణుడు, వయసులో చిన్నవాడు. మా దగ్గర ఇలాంటి ప్రశ్న లేస్తే, "గిది అన్యాలం మామా" అన్నవాడు తన వాదన చెబుతాడు, నేను వెంటనే ఒక తీర్పు చెబుతాను, ఆట సాగుతుంది. ఆ తీర్పు నోటుబుక్కులో ఎక్కుతుంది. రేపు అదే పరిస్థితి బ్రహ్మరాక్షసుడికి వచ్చినా అదే వర్తిస్తుంది. తమ మీద పడ్డ తీర్పు రాక్షసుడి మీద కూడా పడ్డరోజు పిల్లల సంబరం చూడాలి.

పెద్దలు అప్పుడప్పుడు వసారా అంచున నిలబడి "ఇదేం ఆటరా, ఊరికే మాట్లాడుకుంటున్నరు" అంటారు. ఆటల్ని సాంఘిక చరిత్రలో భాగంగా లెక్కించి 1949లోనే పుస్తకంలోకెక్కించిన సురవరం ప్రతాపరెడ్డి మన వనపర్తికి ఎమ్మెల్యేగా చేసినవాడే అని గుర్తుచేస్తాను. వాళ్లు అంతగా పట్టించుకోరనుకోండి.

2022లో వచ్చిన ఈ ఆట కథల సంపుటిలో మిమి మండల్ అనే రచయిత్రి బెంగాల్ పోలికలతో ఒక లోకాన్నే కట్టింది. మనవాళ్లకు కోటలకూ కథలకూ కొదవలేదు. 2023 జనవరిలో ఆట యజమాని కంపెనీ మూల నియమాలు సుమారు 400 పేజీలు క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వదిలేసింది. ఎక్కడివో పేరు చెబితే చాలు, ఎవరైనా తెలుగులోకి మార్చుకోవచ్చు, అచ్చువేసి అమ్ముకోవచ్చు కూడా. వనపర్తిలోనో గద్వాలలోనో తెలుగు టీచర్లెవరైనా పూనుకుంటే చెప్పండి, మొదటి ఇరవై పేజీలు నేను రాసిస్తాను.