పితృనామమా? ఇంటిపేరా?

స్కాండినేవియా వాఙ్మయమును గూర్చి వ్రాయువారు ‘సన్’, ‘సెన్’ అని ముగియు నామములనెల్ల నింటిపేళ్లుగాఁ బరిగణించుట తఱచుగాఁ గానవచ్చుచున్నది. ఇది విచారింపఁదగిన పొరపాటు. ఆ పదములకుఁ గొడుకని యర్థము. పూర్వకాలమున నవి వంశమును దెలుపునవి కావు. తండ్రిని మాత్రమే తెలుపుచు, తరము మాఱినతోడనే మాఱుచుండెను.

ఐస్లాండు కవియుఁ జరిత్రకారుఁడును నగు స్నోర్రి స్టుర్లుసన్ (1179–1241) ఇందులకు నిదర్శనము. ఈతని తండ్రి పేరు స్టుర్లా థోర్దర్సన్. స్టుర్లా కొడుకు గావున నీతఁడు స్టుర్లుసన్ అయ్యెను. ఈతని యన్నయగు థోర్దునకుఁ బుట్టిన కొడుకు (1214–1284), తానును జరిత్రకారుఁడే, తాతవలెనే స్టుర్లా థోర్దర్సన్ అయ్యెను. ఇవి యింటిపేళ్లే యైనచో, తండ్రికొడుకులు వేఱువేఱు వంశములవారనియు, తాతమనుమలు మాత్రమే యేకవంశజులనియుఁ జెప్పవలసివచ్చును! వీరి వంశమున కంతకును స్టుర్లుంగులను పేరు వేఱుగాఁ గలదు. కావున నీ కవిని స్నోర్రి యనియే పేర్కొనుట యుచితము. తండ్రి పేరుతోఁ బిలుచుట కాదు.

మఱి పితృనామము లింటిపేళ్లెట్లయ్యెను? ఇది రాజశాసనముల ఫలము. డెన్మార్కునందు 1526లో ప్రభువంశములవారు స్థిరమైన వంశనామములు గైకొనవలెనని రాజాజ్ఞ వెలువడెను. 1828 నాఁటి శాసనము, శిశువునకు నామకరణ సమయముననే యింటిపేరు నుంచవలెనని సామాన్యులకును విధించెను. జనులు వెంటనే పాటింపకుండుటచే 1856లో మరల నాజ్ఞాపింపవలసివచ్చెను. నార్వేయందు 1923 నాఁటి శాసనము కుటుంబనామమును స్థిరపఱచెను.

దీనివలన రెండు విపరీతములు గలిగెను. వాడుకలోని పేళ్లు కొలఁదియే యగుటచే, నే సంబంధమును లేని వేలకొలఁది కుటుంబములు నీల్సెన్, జెన్సెన్, హాన్సెన్ అను పేళ్లక్రిందఁ జేరెను. అందుచే 1904లోఁ బేరు మార్చుకొనుటను సులభముచేయు శాసనమే కావలసివచ్చెను. రెండవది మఱింత శోచనీయము. అంతకుముందు హాన్సు కూఁతురు హాన్స్‌డాటర్. ‘డాటర్’ అనఁగాఁ గూఁతురు. పేరు స్థిరపడినపిదప నామెయు హాన్సెన్, అనఁగా హాన్సు కొడుకు, ఆయెను. ఆఁడుబిడ్డను దెలుపు పదమే పేరునుండి తొలఁగిపోయెను.

ఐస్లాండు మాత్రము క్రొత్త కుటుంబనామములను 1925లో నిషేధించి పూర్వాచారమును నిలుపుకొనెను. 1980 మొదలు 1996 వఱకు నా దేశాధ్యక్షురాలైన విగ్డిస్ ఫిన్బోగాదోత్తిర్ నేఁటి కాలమునను ఫిన్బోగి కూఁతురే.

కావున విమర్శకుఁడు ముందుగాఁ బేరు ఏ దేశముదో, ఏ కాలముదో విచారింపవలెను. అట్లు విచారింపక వ్రాసిన వంశచరిత్ర యెంత విపులమైనను విశ్వాసపాత్రము కానేరదు.