పొగ లేని పొయ్యి: పాత ఇళ్ల పునరుద్ధరణలో ప్రామాణికత

కీలకపదాలు: ఫైర్‌ప్లేస్, పొగగొట్టం, పునరుద్ధరణ, సెట్టు, డెనిస్ సెవర్స్

వెంగళరావు నగర్‌లో ఇల్లు కట్టుకున్నవారికి గోడలో చలిమంట పొయ్యి అవసరం కలగలేదు. హైదరాబాదు చలి అంతటిది కాదు. అయినా ఫైర్‌ప్లేస్ మనకు అపరిచితం కాదు. ఫిల్మ్‌నగర్ సినిమా దాన్ని సంపన్న గృహానికి చిహ్నంగా అలవాటు చేసింది. బంగళా సెట్టులో పాలరాతి చట్రం, దానిపై తాతగారి పటం ఉంటాయి, పొగగొట్టం ఉండదు. కెమెరా కంటికి అందనిదాన్ని కట్టనక్కరలేదు కనుక సెట్టుకు అది లోపం కాదు. నిజమైన పాత ఇంటిని బాగుచేసేవారు కూడా ఇదే దృష్టితో చూస్తేనే చిక్కు.

ఇంగ్లండులోని 18, 19 శతాబ్దాల వరుస ఇళ్లలో జరుగుతున్నది చాలావరకు ఇదే. రక్షిత జాబితాలోని ఇంటి నుంచి పాత ఫైర్‌ప్లేస్‌ను తొలగించాలంటే 1990 నాటి చట్టం ప్రకారం అనుమతి తప్పనిసరి. అందువల్ల చట్రం నిలుస్తుంది. దాని వెనుక గొట్టాన్ని మాత్రం పలకతో మూసి, పైన సున్నం పూస్తారు. గాలి ఆడని గొట్టంలో చెమ్మ చేరి, పాత మసితో కలిసి గోడపై గోధుమరంగు మరకగా బయటపడుతుంది. రక్షించామనుకున్న గోడ రక్షణ వల్లనే చెడుతుంది! చిన్న గాలిరంధ్రం వదిలితే ఈ నష్టం చాలావరకు తప్పేది.

ఈ నేపథ్యంలో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్‌లోని 18, ఫోల్‌గేట్ వీధి ఇల్లు ప్రత్యేకంగా పరిశీలించదగినది. సుమారు 1724లో కట్టిన ఈ ఇంటిని 1979లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన డెనిస్ సెవర్స్ కొన్నాడు. అతడు పండితుడు కాడు. జెర్విస్ అనే పట్టునేత కుటుంబాన్ని కల్పించి, వారు ఇప్పుడే గది విడిచి వెళ్లినట్లుగా పది గదులనూ అమర్చాడు. 1999లో మరణించేదాకా అక్కడే నివసించాడు. సామగ్రిలో చాలా భాగం ఆ ఇంటిది కాదు. ప్రామాణికతను వస్తువులతో కొలిచే పరిశోధకుడికి ఇది సెట్టు మాత్రమే. కానీ అక్కడ పొయ్యిలో నిప్పు ఉంటుంది. కొవ్వొత్తుల మసక వెలుతురులో కుర్చీలు ఎందుకు అటే తిరిగి ఉన్నాయో సందర్శకుడికి ఎవరూ చెప్పనక్కరలేదు. సెట్టు వేసినవాడే పొయ్యిని పొయ్యిగా ఉంచాడు. నిబంధన పాటించినవారు దాన్ని పటంగా మార్చారు.

అలాగని ప్రతి పాత ఇంట్లో బొగ్గు రాజేయమనడం అవివేకం. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మిన విషపు పొగమంచు, దాని ఫలితంగా వచ్చిన 1956 స్వచ్ఛవాయు చట్టం మరువరానివి. మంట మానవచ్చు, మంట వల్ల ఏర్పడిన గది అమరికను, గాలి దారిని, ఇనుప ఊచల జల్లెడను, రాతిపై మసిజాడను మానిపించనక్కరలేదు.

మన పెంకుటిళ్ల వంటగదుల విషయమూ ఇంతే. గ్యాసు వచ్చాక కట్టెల పొయ్యిని అలంకారంగా ఉంచి, ముగ్గువేసి, పైనున్న పొగగూడును మూసేసిన ‘పునరుద్ధరణ’లున్నాయి. అతిథులు పొయ్యిని ఫొటో తీసుకుంటారు. తలెత్తి కప్పువైపు చూసేవారు అరుదు.